సున్నాకి వెళ్ళిన ముల్లు

ఏప్రిల్ 3, గురువారం

పనికి వెళ్ళాను, వచ్చాను. ముప్పై నాలుగు మీటర్లు పరీక్షించాను. ఒకదాని దగ్గర చిన్న పొరపాటు జరిగింది. రేపు సరిచేసుకోవచ్చు.

ఏప్రిల్ 4

సరిచేసుకోవడానికి అక్కడేమీ మిగల్లేదు. నిన్న ఆ మాట ఎందుకు రాశానో నాకే తెలియాలి.

పూసగుచ్చినట్టు రాస్తాను. ఏమీ తెలియని మా అక్కకు చెబుతున్నట్టు రాస్తాను. లేకపోతే నేనేం చేశానో నాకే అంతుపట్టేలా లేదు.

మా ల్యాబుకు డాష్‌బోర్డు మీటర్లు రెండు రకాలుగా వస్తాయి. పాడై వెనక్కొచ్చినవి రోజుకు ముప్పై, నలభై. ప్రమాదంలో నుజ్జయిన బండ్లలోంచి ఊడదీసి సీలు వేసి పంపినవి నెలకు ఒకటో రెండో. వాటి పెట్టెకు ఎర్ర చీటీ ఉంటుంది. మామూలు పెట్టె అయితే తెరవగానే కరెంటు ప్లగ్గు గుచ్చుతాం. ఎర్ర చీటీ పెట్టెకు ముందు ఫోటో. ఫోటో తీశాక కూడా పైవాళ్ళ సంతకం పడేదాకా కరెంటు సోకనివ్వకూడదు. గోడ మీద ఇంత లావు అక్షరాలతో రాసి ఉంది. ఆ కాగితం అంటించింది నేనే.

ఇప్పటి మీటర్లలో ముల్లును తిప్పేది గోరంత మోటారు. అడుగులు లెక్కపెట్టుకుంటూ తిప్పుతుంది. బండి గుద్దుకున్న క్షణంలో బ్యాటరీ తీగ తెగితే, ముల్లు ఆ క్షణాన ఏ అంకె మీదుందో అక్కడే బిగుసుకుపోతుంది. నెలలు గడిచినా కదలదు. మళ్ళీ కరెంటు సోకిందంటే మాత్రం, తానెక్కడున్నదీ ఆ మోటారుకు గుర్తుండదు. వెనక్కి, వెనక్కి పోయి, సున్నా దగ్గరున్న అడ్డుపుల్లకు తల కొట్టుకుని, అప్పుడు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది.

నిన్న పదకొండు గంటలప్పుడు అక్క ఫోను చేసింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వింటూ పెట్టె తెరిచాను. ప్లగ్గు గుచ్చాను. కిర్ర్‌ర్, టక్. రోజుకు నలభైసార్లు వినే చప్పుడే. అది విన్నాక చూశాను, మీటరు అద్దం పగిలి ఉంది. అంచున ఎండిన మట్టి.

ఎర్ర చీటీ, పెట్టె అడుగుకు మడతపడి ఉంది. అందుకే కనిపించలేదు.

పక్క బల్ల మీద టంకం వేస్తున్న పెద్దాయన తల తిప్పి చూశారు. ఒకసారి మీటరు వంక, ఒకసారి నా వంక. మళ్ళీ తన పనిలో పడ్డారు.

ప్లగ్గు గుచ్చే ముందు అర సెకను ఆ ముల్లు నా కళ్ళెదుటే ఉంది. ఎక్కడుంది? సున్నా మీద మాత్రం లేదు.

ఏప్రిల్ 5

అక్క కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. మేమిద్దరం ఉండే రెండు గదుల్లోనూ పాత ఫ్రేములే. పొద్దున దువ్వెన కోసం డబ్బా తెరిస్తే అందులోనూ ఒకటి.

"ఏంటే, రెండు రోజుల్నించి మొహం అలా వేలాడేసుకున్నావ్?"

చెప్పాను. సగమే చెప్పాను. ప్రమాదంలో నుజ్జయిన బండిది అని చెప్పలేదు.

"సున్నాకి పోతే పోయింది. మళ్ళీ ముందుకి తిప్పి పెట్టెయ్."

"ఎంతకి తిప్పను?"

"ఎంతకుంటే అంతకి."

"అదే తెలీదు."

"చూశానన్నావుగా."

"చూశాను."

"చూసీ తెలీకపోతే మా షాపుకి రా. ఫ్రీగా చెక్ చేయిస్తా." కాసేపు నవ్వుకుని మళ్ళీ తనే అంది: "మా దగ్గరికొచ్చేవాళ్ళు కూడా ఇంతేలే. కళ్ళద్దాలు వద్దనుకునేవాడు అక్షరాల బోర్డు చివరి వరుస గడగడా చదివేస్తాడు. కనపడి కాదు. ముందువాడు చదువుతుంటే వింటాడు."

"అప్పుడేం చేస్తారు?"

"బోర్డు తిప్పేస్తాం. అప్పుడు చూడాలి మొహాలు."

ఏప్రిల్ 7

ఫైలు వచ్చింది. మేనేజరు నా బల్ల మీద పెట్టి, "ఇరవై రెండున విచారణ. రిపోర్టు నీదే, వెళ్ళి చెప్పాల్సిందీ నువ్వే" అని వెళ్ళిపోయాడు.

అది కొట్లకు రొట్టెలు వేసే వ్యాను. తెల్లవారాక, ఆరున్నరకు. పందొమ్మిదేళ్ళ అమ్మాయి సైకిలు మీద పనికి వెళుతోంది. వ్యాను ఆమెను గుద్ది, ఆ పైన స్తంభాన్ని గుద్దింది. అమ్మాయి పోయింది. ఆ రోడ్డు మీద నలభై దాటకూడదు. మూల కొట్టతను "గాలిలా వచ్చాడు" అన్నాడు. డ్రైవరు "నలభై లోపే వస్తున్నాను, పాప సందులోంచి ఒక్కసారిగా వచ్చింది" అన్నాడు. అక్కడ అప్పుడే తీసిన ఫోటోలో పగిలిన అద్దం మీద ఫ్లాష్ వెలుగు తప్ప మరేమీ లేదు. పాత బండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తప్ప ఇంకేదీ దాచుకోదు. వాళ్ళిద్దరి మాటల మధ్యా మిగిలింది ఆ ముల్లొక్కటే. అందుకే మాకు పంపారు.

డ్రైవరు వాంగ్మూలం కింద సంతకం చూశాను. చివరి అక్షరం తోక కాగితం దాటి బల్ల మీదికి పోయి ఉంటుంది.

ఆ కాగితం పక్కన పెట్టి కళ్ళు మూసుకుంటే ముల్లు కనిపించింది. నలభై గీతకు ఇవతల. ముప్పై ఎనిమిది.

ఏప్రిల్ 8

ముప్పై ఎనిమిది. ఖాయం.

ఏప్రిల్ 10

"ఫైల్లో మనం తీయాల్సిన ఫోటో లేదేంటమ్మా?" అన్నాడు మేనేజరు. చెప్పేశాను.

లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. నాకు జ్వరం వస్తే తన కారులో ఇంటి దగ్గర దింపిన మనిషి.

"ఇప్పుడు ముల్లెక్కడుంది?"

"సున్నా దగ్గర సార్."

"అదే రాయి. ముల్లు సున్నా వద్ద ఉన్నది. ఇందులో అబద్ధముందా?"

"లేదు సార్."

"గుద్దాక కూడా కరెంటు కాసేపుంటే ముల్లు దానంతటదే దిగిపోతుంది. సగం బండ్లలో జరిగేదే. ఎవరూ అడగరు."

"కానీ నేను చూశాను సార్. ముప్పై ఎనిమిది."

"ఫోటో ఉందా?"

"లేదు."

"అయితే చూళ్ళేదు." పేపర్‌వెయిట్ అటు తిప్పి ఇటు తిప్పాడు. "చూడమ్మా. ఒక్క ఎర్ర చీటీ పాడుచేశామని తెలిస్తే అన్నీ వేరే ల్యాబుకి పోతాయి. ఇక్కడ పద్నాలుగు మందిమి. నువ్వు ఇంకోచోట చేరతావు, చదువుంది. పెద్దాయన ఎక్కడ చేరతాడు?"

బయటికి వస్తే పెద్దాయన తలెత్తారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే "రిపోర్టు గురించి మాట్లాడాం మాస్టారూ" అన్నాను.

"భోజనం చేశావా?" అన్నారాయన.

ఏప్రిల్ 12

గేటు దగ్గర కాపలా మనిషి వచ్చి, నీకోసం ఎవరో వచ్చారు అన్నాడు. యాభై ఏళ్ళావిడ. విచారణ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది. రెడీమేడ్ చొక్కాలకు ఇంట్లో గుండీలు కుడుతుందట. చూపుడు వేలు కొసంతా సూది గుచ్చుకున్న చుక్కలు.

"నువ్వేనా తల్లీ, ఆ బండి మీటరు చూసేది?"

"నేనేనండీ."

"ఎవరో పెద్దవాళ్ళనుకున్నాను." నన్ను పైనుంచి కిందికి చూసింది. "మా అమ్మాయికన్నా నాలుగేళ్ళు పెద్దదానివేమో."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఒక్కసారిగా అడ్డమొచ్చిందని రాశారంట. ఆ మలుపు దగ్గర సైకిలు దిగి నడిపించుకుంటూ దాటుతుంది అది. పిరికిది. ఏదీ ఒక్కసారిగా చేసిన పిల్ల కాదు తల్లీ. కడుపులోంచి రావడానికే మూడు రోజులు తీసుకుంది."

తల ఊపాను.

"నాకు చదువు లేదు. ఆ అంకె ఒక్కటి చెప్తే చాలు. ఎంత స్పీడులో వచ్చాడు?"

"విచారణలో చెబుతామండీ. ముందుగా చెప్పకూడదు."

"సరే. చెప్పకూడదంటే వద్దులే." వెళ్ళబోతూ ఆగింది. "నీ కోటు గుండీ ఊడేలా ఉంది. దారం బిగించుకో."

ఏప్రిల్ 13

డెబ్బై. మీటరులో డెబ్బై సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. ముల్లు నిట్టనిలువుగా నిలబడి ఉంది. ముప్పై ఎనిమిది అని ఎలా అనుకున్నానో.

ఏప్రిల్ 14

ఈ రోజు సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ స్టార్టయిన ప్రతి కారులోంచీ ఆ చప్పుడు వినిపించింది. అద్దాలు మూసిన కారులో, గోరంత మోటారు, రోడ్డుకు అవతల. వినిపించదని నాకు తెలుసు. అయినా వినిపించింది. కిర్ర్‌ర్, టక్. ఎన్ని కార్లు, ఎన్ని వీధుల్లో, రోజూ పొద్దున్నే తాళం తిప్పగానే అన్ని ముళ్ళూ వెనక్కి పోయి తల కొట్టుకుంటాయి. ఆ బండ్లలో కూర్చున్న ఒక్కరికీ వినపడదు.

గోడ పక్కనున్న కుర్చీలో కూర్చున్నా, స్నానానికి నీళ్ళు పట్టుకుంటున్నా ముల్లు అక్కడే ఉంటోంది. పంపు తిప్పితే అది కూడా తిరుగుతోంది. ఒకసారి ఇటు, ఒకసారి నిలువుగా.

సాయంత్రం ఈ పుస్తకం వెనక్కి తిప్పి చదివాను. ఏడో తేదీన ముప్పై ఎనిమిది. ఆ రోజు నేను చూసింది డ్రైవరు సంతకం. పదమూడున డెబ్బై. ముందు రోజు నేను చూసింది ఆ తల్లి వేలు. మరి ముల్లును ఎప్పుడు చూశాను?

ఇంకో సంగతి కూడా రాయాలి. ఎర్ర చీటీ అడుగుకు మడతపడి లేదు. పైనే ఉంది. అక్క ఏదో అంటే నవ్వుతూ, ఆ చీటీని వేలితో పక్కకు జరిపి మరీ ప్లగ్గు గుచ్చాను.

ఏప్రిల్ 16

నిన్న పెద్దాయన బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఆ రోజు మీరు విన్నారు కదా మాస్టారూ."

"విన్నాను."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్తావని."

ముళ్ళకు స్ప్రింగులున్న రోజుల నుంచీ ఆయన ఈ పనిలో ఉన్నారు. నాకొక ఆశ పుట్టింది. మోటారు ఎప్పుడూ పూర్తి దూరం వెనక్కి నడుస్తుంది. ముల్లు చిన్న అంకె మీదుంటే అడ్డుపుల్లకు తొందరగా తగులుతుంది. పెద్ద అంకె మీదుంటే ఆలస్యంగా.

"టక్ ముందొచ్చిందా, ఆలస్యంగా వచ్చిందా? మీకు గుర్తుంటుంది."

ఆయన టంకం పుల్ల స్టాండులో పెట్టారు. "చెవి ఉంది గానీ ధ్యాస లేదమ్మాయ్. ఇప్పుడు చెప్పమంటే చెప్తాను. నువ్వేది చెప్పమంటే అది వినపడుతుంది నాకు."

ఈ రోజు పది గంటలకు పిలిచారు. అదే రకం మీటరు. ముల్లును ఏదో అంకె దగ్గర ఆపి, కరెంటు తీసేసి, పైన అట్టముక్క కప్పారు. అట్ట ఎత్తి, చప్పున దించారు. ఎంత అని అడుగుతారనుకున్నాను. అడగలేదు. "వెళ్ళి నీ పని చూసుకో" అన్నారు.

ముప్పై ఆరు మీటర్లు చూశాను. మధ్యాహ్నం అన్నం తింటుంటే, "మొన్న గేటు దగ్గరికొచ్చింది, ఆ అమ్మాయి తల్లేనా?" అన్నారు. అవునన్నాను. "ఏమంటుంది?" అన్నారు. చెప్పాను. ఆ మూడు రోజుల పురుడు మాట కూడా చెప్పాను. ఆయన పెరుగు కలుపుకుంటూ విన్నారు.

నాలుగింటికి అట్ట కప్పిన ఆ మీటరుతో వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డారు. "పొద్దున నేను చూపించింది ఎంత?"

"అరవై ఐదు."

అట్ట తీశారు. ముల్లు పాతిక మీద ఉంది.

నా గొంతులో ఏ తడబాటూ లేదు. ఎవరైనా నమ్మేవారు. నేనే నమ్మాను.

"మీరు కావాలనే ఆవిడ ఊసెత్తారు."

"ఊఁ" అన్నారాయన. మీటరు సంచిలో పెట్టుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 17

రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 19

అక్కకు మొత్తం చెప్పాను. గిన్నెలు తోముతూ వింది. మధ్యలో ఒక్క జోకు వేయలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

"ఆ రోజు నేను ఫోను చెయ్యకుండా ఉండాల్సింది" అంది.

"నువ్వు కాదు. నువ్వు చెయ్యకపోతే ఇంకోటేదో ఉండేది."

"ఏదో ఒకటి చెప్పి బయటపడు."

"ఏది చెప్పను? ముప్పై ఎనిమిదంటే అతను ఇంటికి, డెబ్బై అంటే జైలుకి."

"మీ మేనేజరు చెప్పినట్టు సున్నా అంటే?"

"మీటరు ఏమీ చూపించలేదని అర్థం. అప్పుడిక కొట్టతని మాటే మిగులుతుంది."

"మరి జరిగింది జరిగినట్టు చెప్తే?"

"అప్పుడూ కొట్టతని మాటే మిగులుతుంది. నా ఉద్యోగం ఉండదు, అంతే తేడా."

"అయితే చెప్పి ఏం లాభమే?"

తోమిన గిన్నె ఒకటి అందుకుని తుడిచాను. అక్క కుళాయి కట్టేసింది. గిన్నెలన్నీ బోర్లించింది. నావైపు తిరగకుండా మళ్ళీ తనే అంది:

"వాళ్ళు ఎవర్ని తిట్టుకోవాలో వాళ్ళకి తెలియొద్దూ."

ఏప్రిల్ 21

నా బ్యాగులో రెండు రిపోర్టులున్నాయి. ఒకదాని మీద మేనేజరు సంతకం ఉంది.

ఏప్రిల్ 22

చిన్న గది. మూడు బల్లలు, ఒక ఫ్యాను. అధికారి రిటైరయ్యే వయసాయన. పక్కన టైపు చేసే ఆవిడ. వెనక బెంచీకి ఒక చివర ఆ తల్లి, రెండో చివర ఒకతను. ఫైలు చదువుతున్నప్పుడు డ్రైవరును మీసాలున్న మనిషిగా ఊహించుకున్నాను. లేవు. బక్కగా ఉన్నాడు. ఎడమ చేతికి కట్టు విప్పిన చోట చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. మేనేజరు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మీటరు ఏం చూపించింది?" అని అడిగారు అధికారి.

సంతకం లేని కాగితం ఇచ్చాను. "ఏదో అంకె చూపించిందండీ. దాన్ని నేను చెరిపేశాను."

టైపు చప్పుడు ఆగింది. "చెరిపేయడమంటే?"

చెప్పాను. ఎర్ర చీటీ పైనే ఉందని కూడా చెప్పాను. ముల్లు గురించి అక్కకు చెప్పిన మాటల్లోనే చెప్పాను. వెనక ఆవిడకు అర్థం కావాలని కాస్త గట్టిగా చెప్పాను.

"మీ కళ్ళతో చూశారు కదా. సుమారుగా ఎంత ఉండొచ్చు?"

"అడిగితే ఏదో ఒకటి చెప్పగలనండీ. కానీ అది ముల్లు చూపించింది కాదు. ఇన్ని రోజులుగా నేను అల్లుకున్నది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ మాట మీ మీదికే వస్తుంది. తెలుసా?"

"తెలుసండీ."

"రాయండి" అన్నారు టైపు ఆవిడతో. తీర్పు వచ్చే నెలట. మీటరును లెక్కలోకి తీసుకోరట.

నడవాలో మేనేజరు నన్ను దాటిపోతూ ఆగాడు. "రేపట్నించి రావద్దులేమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. ఫోను చెవికి ఆనించుకుని మెట్లు దిగాడు.

ఆ తల్లి నా ముందుకొచ్చి నిలబడింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ నా ముఖం దగ్గరికి ముఖం పెట్టి, ముందు ఒక కన్నులోకి, తర్వాత రెండో కన్నులోకి చూసింది. లోపల ఎక్కడైనా కనిపిస్తుందేమో అన్నట్టు. చాలాసేపు చూసింది. తర్వాత కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టుకుని వెళ్ళిపోయింది.

బయట మెట్ల మీద ఆ డ్రైవరు కూర్చుని ఉన్నాడు. పక్క నుంచి దిగిపోదామనుకున్నాను.

"మేడమ్, ఒక్క మాట. కేసు కోసం కాదు."

ఆగాను.

"నలభై లోపే అని నేను అన్లేదు. వకీలు రాయించాడు. ఎంతలో వస్తున్నావని అడిగితే తెలీదన్నాను. తెలీదంటే కుదరదన్నాడు." కట్టు విప్పిన చేతిని రెండో చేత్తో రుద్దుకున్నాడు. "పన్నెండేళ్ళు అదే రోడ్డు. ఇంక మీటరు ఎవడు చూస్తాడు మేడమ్? పాపని చూశాను, బ్రేకు తొక్కాను, అంతే. మీటరు ఎక్కడికో పంపారు, వాళ్ళు చెప్తారు అన్నారు. అప్పట్నించి కాసుక్కూచున్నాను. మీరు చెప్తారని."

"డెబ్బై అని చెబితే జైలుకి పంపేవాళ్ళు కదా."

"పంపితే పోయేవాణ్ణి. తెలిసి పోయేవాణ్ణి."

ముప్పై ఎనిమిది నా నాలుక చివరికి వచ్చింది. వట్టి మాట కాదు, అంకె మొత్తం, గీతలతో సహా కళ్ళ ముందుకొచ్చింది. ఇస్తే తీసుకునేవాడు. ఇంటికి పట్టుకెళ్ళి ముందు పెట్టుకుని కూర్చునేవాడు. విచారణ అయిపోయింది, మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

"నాకు తెలీదండీ" అన్నాను.

తల ఊపాడు. కొంచెం పక్కకు జరిగాడు. ఎందుకో నేను కూర్చున్నాను.

కింద రోడ్డు మీద జనం. ఒకతను పంక్చరైన స్కూటరు తోసుకుపోతున్నాడు.

"అరవై ఉండొచ్చు" అన్నాడతను కాసేపటికి.

"ఉండొచ్చు" అన్నాను.

ఇంకాసేపటికి, "ముప్పై ఐదు కూడా ఉండొచ్చు" అన్నాడు.

"ఉండొచ్చు."

బస్సు వచ్చి ఆగింది, వెళ్ళింది. ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.